జనసాంద్రత పాఠం: సూత్రం రాయకముందే నేల మీద మొదలుపెట్టండి

జనాభాను విస్తీర్ణంతో భాగిస్తే జనసాంద్రత. ఈ మాట చెప్పడానికి అర నిమిషం చాలు. ఆరో తరగతి పిల్లలు కూడా లెక్క చకచకా చేసేస్తారు. వారం తిరిగాక "ఈజిప్టు సాంద్రత సుమారు వంద అంటే ఏమిటి?" అని అడిగి చూడండి. "ప్రతి చదరపు కిలోమీటరులోనూ వంద మంది ఉంటారు సార్" అంటారు. ఉండరు. ఆ దేశంలో చాలా చోట్ల మనిషి జాడే ఉండదు.

లెక్క వచ్చింది, అర్థం కాలేదు. "ఈ పాఠం సరిగ్గా ఎలా చెప్పాలి?" అని తోటి టీచర్లు అడిగినప్పుడల్లా నేను చెప్పే వరస ఇది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పనికొస్తుంది.

1. ముందు మీరు తేల్చుకోవాల్సింది

పిల్లల బుర్రలో మూడు ప్రశ్నలు విడివిడిగా నిలబడాలి.

- ఎంత మంది ఉన్నారు? ఇది జనాభా.
- ఉన్న చోటును బట్టి సగటున ఎంత మంది? ఇది సాంద్రత.
- ఎక్కడెక్కడ ఉన్నారు? ఇది విస్తరణ.

పరీక్షల్లో కనబడే తప్పుల్లో చాలావరకు ఈ మూడూ కలిసిపోవడం వల్ల వచ్చేవే. అందుకే పాఠంలో ఏ మెట్టు దగ్గరైనా "ఇప్పుడు మనం అడుగుతున్నది వీటిలో ఏ ప్రశ్న?" అని అడుగుతూ ఉండండి.

నాలుగు పీరియడ్లు దొరికితే హాయి: మొదటిది నేల మీద ఆట, రెండోది కొలతలు, లెక్కలు, మూడోది మ్యాపు, నాలుగోది కారణాలు, పరీక్ష. రెండే పీరియడ్లు ఉంటే కారణాలు వదిలేయండి, అవి పాఠ్యపుస్తకంలో ఎలాగూ ఉంటాయి. నేల మీద ఆట మాత్రం వదలొద్దు.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

- చాక్‌పీసులు, మీటరు టేపు, ఎనిమిది మీటర్ల తాడు
- వంద గుండీలు లేదా గింజలు
- గళ్ల కాగితాలు, పిల్లకొకటి
- ఈజిప్టు సరిహద్దు, నైలు నది మాత్రమే ఉన్న మ్యాపు, ఒక్కొక్కరికి రెండు ప్రతులు
- దేశాల పేర్లు లేని ప్రపంచ భౌతిక పటం ఒకటి
- జనాభా, విస్తీర్ణం అంకెలున్న చీటీ (5వ భాగంలో ఇచ్చాను)

అంకెలన్నీ ఒకే కొలతలో ఉన్నాయో లేదో ముందురోజే చూసుకోండి. విస్తీర్ణం కొన్ని పుస్తకాల్లో చదరపు మైళ్లలో ఉంటుంది. ఒక చదరపు మైలు సుమారు 2.59 చదరపు కిలోమీటర్లు. ఈ రెండూ కలిపేస్తే సాంద్రతలు రెండున్నర రెట్లు తేడా వస్తాయి. పిల్లలకు ఆ తప్పు ఎక్కడుందో పట్టుబడదు.

3. నేల మీద రెండు చదరాలు

వరండాలోనో ఆటస్థలంలోనో రెండు చదరాలు గీయండి. ఒకటి 2 మీటర్ల భుజంతో, ఇంకోటి 4 మీటర్ల భుజంతో. చిన్నదాని విస్తీర్ణం 4 చదరపు మీటర్లు, పెద్దది 16.

మొదటిసారి ఇక్కడ నేనే పప్పులో కాలేశాను. భుజం రెట్టింపు కదా అని "ఇది దానికి రెట్టింపు" అనేశాను. వెనక నిలబడ్డ ఒకమ్మాయి తాడు తీసుకుని చిన్న చదరం చుట్టూ కొలిచి, అదే తాడును పెద్దదాంట్లో ఒక మూల నుంచి పరుస్తూ పోయింది. "సార్, దీంట్లో అది నాలుగుసార్లు పడుతోంది" అంది. అప్పటినుంచి ఆ తప్పు కావాలనే చేస్తున్నాను. ఎవరు పట్టుకుంటారో చూడ్డానికి.

మొదటి అడుగు. చిన్న చదరంలో 8 మందిని, పెద్ద చదరంలో 16 మందిని నిలబెట్టండి. ఏమీ చెప్పకుండా "ఎక్కడ ఎక్కువ మంది ఉన్నారు?" అని అడగండి. అందరూ పెద్దదే చూపిస్తారు. వెంటనే "ఎక్కడ ఇరుకుగా ఉంది?" అనండి. ఈసారి చేతులు చిన్నదానివైపు తిరుగుతాయి. రెండు ప్రశ్నలకు రెండు వేరు జవాబులు వచ్చాయని వాళ్ల నోటితోనే చెప్పించండి.

రెండో అడుగు. ప్రతి చదరంలోనూ మీటరు మీటరుకు గీతలు గీసి గళ్లు చేయండి. చిన్నదాంట్లో 4 గళ్లు, 8 మంది, గడికి ఇద్దరు. పెద్దదాంట్లో 16 గళ్లు, 16 మంది, గడికి ఒక్కరు. "గడికి ఎంత మంది?" అన్నదే సాంద్రత. సూత్రం ఇంకా బోర్డెక్కలేదు, అయినా భాగహారం జరిగిపోయింది.

మూడో అడుగు, అసలుది. పెద్ద చదరంలోని 16 మందిలో 12 మందిని ఒక మూలనున్న నాలుగు గళ్లలోకి రమ్మనండి. మిగతా నలుగురు 12 గళ్లలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతారు. ఇప్పుడు అడగండి: "పెద్ద చదరం సాంద్రత పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా?"

క్లాసు రెండుగా చీలిపోవాలి. చీలకపోతే మీరే ఒక పక్షం తీసుకుని వాదించండి. మూలలో ఉన్నవాళ్లు "పెరిగింది" అని గోల పెడతారు, ఎందుకంటే వాళ్లకు ఊపిరాడట్లేదు. తిరుగుతున్నవాళ్లు "తగ్గింది" అంటారు. బయట నిలబడి లెక్కపెట్టేవాళ్లు మాత్రం "పదహారు మందే, పదహారు గళ్లే, మారలేదు" అంటారు. మూలలో గడికి ముగ్గురు, మిగతా చోట మూడు గళ్లకు ఒక్కరు, మొత్తానికి సగటు ఒకటే. ఈ గొడవను అయిదు నిమిషాలైనా సాగనివ్వండి. పాఠం గుండెకాయ ఇదే.

జాగ్రత్తలు:

- తోపులాట జరగకుండా మూల దగ్గర మీరే నిలబడండి.
- దగ్గరగా నిలబడటం ఇబ్బందనుకునే పిల్లల్ని బలవంతపెట్టొద్దు. లెక్కపెట్టే పని వాళ్లకివ్వండి.
- చోటు లేకపోతే ఇదే ఆటను గళ్ల కాగితం మీద గుండీలతో ఆడించొచ్చు. అర్థమవుతుంది కానీ, మూలలో ఇరుక్కున్నవాడి కోపం గుండీకి రాదు.

4. చదరపు కిలోమీటరు ఎంతుంటుంది?

పిల్లలకు మీటరు తెలుసు, చదరపు కిలోమీటరు తెలియదు. వెయ్యి మీటర్ల పొడవు, వెయ్యి మీటర్ల వెడల్పు. అంటే 10 లక్షల చదరపు మీటర్లు, 100 హెక్టార్లు, సుమారు 247 ఎకరాలు. దాని చుట్టూ తిరిగితే 4 కిలోమీటర్లు, మామూలు నడకకు గంట దాకా పడుతుంది. ఆన్‌లైన్ మ్యాపులో కొలిచే సాధనంతో మీ బడి చుట్టూ అంత చదరం గీసి చూపించండి.

ఇక్కడే తెలుగులో ఒక చిక్కుముడి ఉంది. "10 చదరపు కిలోమీటర్లు" వేరు, "10 కిలోమీటర్ల చదరం" వేరు. రెండోదాని విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్లు. బోర్డు మీద రెండూ పక్కపక్కన గీసి చూపించండి. నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు.

ఆ తర్వాత సరదాగా ఒక లెక్క. ప్రపంచ జనాభా 2022 నవంబరు 15న 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మనిషికొక చదరపు మీటరు ఇచ్చి అందర్నీ ఒకచోట నిలబెడితే ఎంత చోటు కావాలి? ముందు ఊహించమనండి, ఖండాల పేర్లు చెబుతారు. జవాబు 8,000 చదరపు కిలోమీటర్లు. భుజం సుమారు 90 కిలోమీటర్లున్న చదరంలో సరిపోతారు. అలా ఎవరూ బతకలేరు, అది వేరే సంగతి. "మరి మిగతా నేలంతా దేనికి కావాలి?" అన్న ప్రశ్న ఏ పిల్లో పిల్లాడో తప్పక అడుగుతారు. దాన్ని నాలుగో పీరియడ్‌కు దాచుకోండి.

5. ఇప్పుడు సూత్రం, లెక్కలు

బోర్డు మీద రాయండి: జనసాంద్రత = జనాభా ÷ విస్తీర్ణం. పక్కనే "చదరపు కిలోమీటరుకు ఇంత మంది" అని కూడా రాయండి. జవాబు రాసే ప్రతిసారీ ఈ మాట పూర్తిగా రాయాల్సిందే. వట్టి "100" అని రాస్తే మార్కు లేదని మొదటిరోజే చెప్పేయండి.

లెక్క తేలిగ్గా ఉండేలా సవరించిన, ఇటీవలి ఉజ్జాయింపు అంకెలు ఇవి:

- ఈజిప్టు: 10 కోట్ల మంది, 10 లక్షల చ.కి.మీ. (సాంద్రత 100)
- మంగోలియా: 35 లక్షల మంది, 15.64 లక్షల చ.కి.మీ. (2.2)
- ఆస్ట్రేలియా: 2.7 కోట్ల మంది, 77 లక్షల చ.కి.మీ. (3.5)
- బంగ్లాదేశ్: 17 కోట్ల మంది, 1.48 లక్షల చ.కి.మీ. (1,149)
- సింగపూర్: 60 లక్షల మంది, 735 చ.కి.మీ. (8,163)
- మొనాకో: 38 వేల మంది, 2 చ.కి.మీ. (19,000)
- గ్రీన్‌లాండ్: 56 వేల మంది, 21.66 లక్షల చ.కి.మీ. (0.026)

పిల్లలు సున్నాల దగ్గర తడబడతారు. 17 కోట్లను 1,48,000తో భాగించమంటే కాగితమంతా సున్నాలే. రెంటినీ లక్షల్లోకి తెమ్మనండి: 17 కోట్లంటే 1,700 లక్షలు, 1,48,000 అంటే 1.48 లక్షలు. పైనా కిందా లక్షలు ఎగిరిపోతాయి, మిగిలింది 1,700 ÷ 1.48. భాగించకముందే జవాబు వందల్లో వస్తుందా, వేలల్లోనా, ఒకటికి లోపా అని అంచనా రాయించండి. తర్వాత వచ్చిన జవాబు అంచనాకు ఎక్కడా పొంతన లేకపోతే సున్నా ఎక్కడో జారినట్టే.

గ్రీన్‌లాండ్ దగ్గర ఒక పిల్లాడు కచ్చితంగా లేస్తాడు: "0.026 మనిషి ఎలా ఉంటాడు?" మంచి ప్రశ్న. తిరగేసి చెప్పండి: దాదాపు 39 చదరపు కిలోమీటర్లకు ఒక్కరు. లేదా వంద చదరపు కిలోమీటర్లకు ఇద్దరు ముగ్గురు. అక్కడి నేలలో 80 శాతం దాకా మంచు పలకే కప్పి ఉందని కలిపితే సగటు గురించిన తర్వాతి మెట్టుకు దారి దానంతటదే పడుతుంది.

6. సగటు ఏం దాస్తుంది? ఈజిప్టు చుక్కలు

పిల్లలకు ఈజిప్టు మ్యాపులు రెండేసి ఇవ్వండి. ఒక్కో చుక్క 10 లక్షల మందితో సమానం. 10 కోట్లకు 100 చుక్కలు.

మొదటి మ్యాపులో వంద చుక్కలూ దేశమంతా సమానంగా పెట్టమనండి. "సాంద్రత 100" అన్న మాట మనకు చూపించే బొమ్మ ఇదే.

రెండో మ్యాపులో నిజం. ఈజిప్టు ప్రజల్లో సుమారు 95 శాతం మంది దేశంలో 5 శాతం నేల మీదే ఉంటారు. నైలు లోయలో, డెల్టాలో. కాబట్టి 95 చుక్కలు నది వెంబడి సన్నటి పట్టీలో, డెల్టా త్రికోణంలో ఇరికించాలి. మిగతా అయిదు మిగతా దేశమంతటా. డెల్టా దగ్గరకొచ్చేసరికి చుక్కల మీద చుక్కలు పడి పెన్సిల్ మరక నల్లగా అలుక్కుపోతుంది. "సార్, పట్టట్లేదు" అంటారు. ఆ మాట కోసమే ఇదంతా.

రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టించి లెక్క కట్టించండి. 9.5 కోట్ల మంది, 50 వేల చదరపు కిలోమీటర్లు: చదరపు కిలోమీటరుకు 1,900. మిగతా 50 లక్షల మంది, 9.5 లక్షల చదరపు కిలోమీటర్లు: సుమారు 5. రెండు చోట్లా 100 అన్న అంకె ఎవరి బతుకునూ చెప్పట్లేదు. అలాగని 100 తప్పూ కాదు. నేల మీద చదరంలో మూలకు చేరిన 12 మందిని ఇక్కడ గుర్తు చేయండి.

ఎనిమిదో తరగతి అయితే ఇంకో మెట్టెక్కొచ్చు: మొత్తం నేలతో కాకుండా సాగుభూమితో మాత్రమే భాగిస్తే? ఎడారి ఎక్కువున్న దేశాల్లో ఆ అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది. తిండి పండే నేల మీద ఎంత భారం ఉందో అది చెబుతుంది.

7. రంగుల మ్యాపు గీయించడం

చుక్కల పటం విస్తరణను చూపిస్తుంది, రంగుల పటం సాంద్రతను చూపిస్తుంది. రంగుల పటానికి మూడు నియమాలు చాలు.

- ఒకే రంగు, లేత నుంచి ముదురుకు. ఎరుపు, పచ్చ, నీలం కలిపి వాడితే ఏది ఎక్కువో చూడగానే తెలియదు.
- సాంద్రతను బట్టి చేసే గుంపులు (వీటినే తరగతులు అంటాం) నాలుగైదు మించొద్దు.
- తరగతుల హద్దులు ఒకదాన్నొకటి తొక్కకూడదు. "1 నుంచి 10", "10 నుంచి 100" అని రాస్తే సరిగ్గా 10 ఉన్నది ఎటు పోవాలి? "10 లోపు", "10 నుంచి 100 లోపు" అని రాయించండి.

హద్దులు ఎక్కడ పెట్టాలన్నది పిల్లలకే వదిలి చూడండి. చాలామంది సమానంగా కోస్తారు. పై జాబితానే తీసుకుని 19,000ను అయిదు సమాన భాగాలు చేస్తే మొదటి తరగతి 3,800 దాకా వస్తుంది. అప్పుడు బంగ్లాదేశ్, మంగోలియా, గ్రీన్‌లాండ్ అన్నిటికీ ఒకటే లేత రంగు! అవే అంకెలకు 10 లోపు, 100 లోపు, 1,000 లోపు, 10,000 లోపు, ఆపైన అని పెడితే బొమ్మ పూర్తిగా మారిపోతుంది. అంకెలు మారలేదు, హద్దులే మారాయి. మ్యాపు చూడగానే ముందు సూచిక చదవాలన్న అలవాటు పడటానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

8. కొన్నిచోట్లే ఎందుకు?

"నీరు, నేల, వాతావరణం, రవాణా, ఉపాధి" అని జాబితా బట్టీ పట్టించొద్దు. పేర్లు లేని భౌతిక పటం ముందు పెట్టి, జనం ఎక్కడ ఎక్కువుంటారో గుండీలు పెట్టి ఊహించమనండి. ఎందుకో ఒక్కో కారణం చెప్పాలి. నదీ మైదానాలు చాలామంది సరిగ్గానే పట్టుకుంటారు.

వాళ్ల ఊహలు తప్పే చోట్లు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. అగ్నిపర్వతాలున్న చోట జనం ఉండరనుకుంటారు. ఇండోనేషియాలోని జావా దీవి నిండా అగ్నిపర్వతాలే, అయినా ఆ బూడిద నేల సారవంతం, అక్కడ 15 కోట్లకు పైగా జనం ఉన్నారు, సాంద్రత వెయ్యి దాటింది. ఎత్తు ప్రదేశాలు ఖాళీగా ఉంటాయనుకుంటారు. మెక్సికో నగరం సముద్ర మట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఉష్ణమండలంలో ఎత్తు అంటే చల్లదనం కూడా కదా. తప్పిన ఊహే పిల్లలకు ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

9. తరచూ వచ్చే తప్పులు, దిద్దే దారి

విస్తీర్ణాన్ని జనాభాతో భాగించడం. కొట్టేయకండి. అది వేరే ప్రశ్నకు జవాబు: మనిషికి ఎంత చోటు? మంగోలియాలో మనిషికి సుమారు 45 హెక్టార్లు. బంగ్లాదేశ్‌లో సుమారు 870 చదరపు మీటర్లు. "నీ జవాబు బాగుంది, ప్రశ్న మాత్రం ఇది కాదు" అని చెప్పి తిరిగి చేయించండి.

జనాభా ఎక్కువైతే సాంద్రతా ఎక్కువే అనుకోవడం. ఆస్ట్రేలియా, సింగపూర్ పక్కపక్కన పెట్టండి. జనాభాలో ఆస్ట్రేలియా నాలుగు రెట్లు పైనే. సాంద్రతలో సింగపూర్‌కు దరిదాపుల్లో లేదు.

సాంద్రత ఎక్కువైతే పేదరికం అనుకోవడం. సంపన్న దేశమైన మొనాకో పేరు చాలు. పిల్లలు మనుషుల్ని "భారం" అని మాట్లాడటం మొదలుపెడితే అక్కడే ఆపి, అంకె దేన్ని చెబుతోందో, దేన్ని చెప్పట్లేదో అడగండి.

ఎత్తైన భవనాల సంగతి మర్చిపోవడం. సాంద్రతకు లెక్క నేలే, అంతస్తులు కాదు. పదంతస్తుల భవనంలో గదులు విశాలంగానే ఉండొచ్చు. అందరూ ఒక్కసారి కిందికి దిగితే నేల చాలదు.

సాంద్రతల సగటు తీయడం. దీన్ని పెద్దవాళ్లు కూడా చేస్తారు. ఒక ప్రాంతంలో 10 చ.కి.మీ., 1,000 మంది, సాంద్రత 100. పక్క ప్రాంతంలో 90 చ.కి.మీ., 900 మంది, సాంద్రత 10. రెండూ కలిపితే? (100 + 10) ÷ 2 = 55 అంటారు. సరైన దారి: మొత్తం 1,900 మంది, 100 చ.కి.మీ., సాంద్రత 19. నియమం ఒకటే: ముందు జనాలను కలుపు, విస్తీర్ణాలను కలుపు, ఆఖర్న ఒక్కసారే భాగించు.

10. వచ్చిందో లేదో చూసుకోవడం

చివరి పది నిమిషాల్లో ఈ ప్రశ్నలివ్వండి. కాలిక్యులేటర్ వద్దు.

- జనాభా, విస్తీర్ణం రెండూ రెట్టింపయ్యాయి. సాంద్రత ఏమైంది? (మారలేదు)
- ఒక దేశంలో సగం మంది పల్లెల నుంచి రాజధానికి వెళ్లిపోయారు. దేశం సాంద్రత? (మారలేదు. రాజధానిది పెరిగింది)
- సాంద్రత 50, విస్తీర్ణం 200 చ.కి.మీ. జనాభా? (10,000)
- సాంద్రత 300 అని చదివావు. నువ్వు అక్కడికి వెళితే ప్రతి చదరపు కిలోమీటరులో 300 మంది కనిపిస్తారా? రెండు వాక్యాల్లో రాయి.

మార్కులు వేసేటప్పుడు నాలుగోదాన్నే ముందు చదవండి. అది తప్పి మిగతావి సరిగ్గా చేసినవాళ్లకు లెక్కలు మళ్లీ నేర్పాల్సిన పని లేదు. చాక్‌పీసు తీసుకుని వాళ్లను మళ్లీ పెద్ద చదరంలోకి పిలవండి. ఈసారి మూలలో నిలబడేది వాళ్లే.